శంషాబాద్ గేటులో నా ముఖం: డిజియాత్ర వాడాక నా సమీక్ష

ఉద్యోగం పని మీద నెలకు రెండుసార్లయినా బెంగళూరు వెళ్ళొస్తాను. ముఖం చూపించి గేటు దాటే డిజియాత్ర యాప్ శంషాబాద్ విమానాశ్రయంలో 2023లో వచ్చింది. ఆ ఏడాదే ఫోన్‌లో వేసుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

ముందు మంచి చెప్పాలి. సోమవారం తెల్లవారుజామున పుష్పక్ బస్సు దిగితే మామూలు లైను ట్రాలీలతో నిండి ఉంటుంది. పక్క గేటులో బోర్డింగ్ పాస్ బార్‌కోడ్ చూపించి, కళ్ళజోడు తీసి కెమెరా వైపు చూస్తే చాలు, అద్దం తలుపులు తెరుచుకుంటాయి. సెక్యూరిటీ చెక్ ముందు మళ్ళీ అంతే. పర్సులోంచి ఆధార్ తీసే పని లేదు.

2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నారు. ఆధార్, సెల్ఫీ మళ్ళీ మొదటినుంచి. మరి ఇన్నాళ్ళూ ఇచ్చినవన్నీ ఏమయ్యాయి అన్న అనుమానం అప్పుడే పుట్టింది. ఒక ఆదివారం కూర్చుని నిబంధనలు చదివాను.

మన వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయి. ప్రయాణానికి ముందు విమానాశ్రయానికి పంపినవాటిని విమానం బయల్దేరాక 24 గంటల్లో చెరిపేస్తారు. ఇంతవరకూ బాగుంది. కానీ పౌర విమానయాన శాఖ 2018లో ఇచ్చిన విధానంలోనే ఇంకో మాట ఉంది: భద్రతా అవసరాన్ని బట్టి ఆ గడువును మార్చుకునే వీలు సిస్టమ్‌లో ఉండాలట. భద్రతా సంస్థలకు ప్రయాణికుల వివరాలు అందుబాటులో ఉంచవచ్చు కూడా. నా భయమంతా ఆ వాక్యం గురించే. గడువు మారిన రోజు నా ఫోన్‌కు ఒక మెసేజ్ అయినా రావాలి కదా!

2024 డిసెంబరులో, పన్ను ఎగ్గొట్టేవాళ్ళను పట్టుకోవడానికి ఈ డేటా వాడతారని వార్త వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ, ఈ యాప్ నడిపే డిజియాత్ర ఫౌండేషన్ రెండూ కాదన్నాయి. ఆ మాట నమ్ముతాను. అయితే అలాంటి వాడకం కుదరదని చట్టంలోనే రాసి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండదు.

విదేశం వెళ్తే యాప్ మానేసినా తప్పించుకోలేం. 2022 ఆగస్టు నాటి నిబంధనల ప్రకారం విమానయాన సంస్థలు మన టికెట్, ఫోన్ నంబరు, డబ్బు కట్టిన తీరు, సామాను వివరాలు కస్టమ్స్ విభాగానికి ముందే పంపాలి. అక్కడ అవి ఐదేళ్ళ దాకా ఉండొచ్చు.

ఇంతకన్నా ఘోరం ఒక ఊళ్ళో లాడ్జిలో చూశాను. కౌంటర్‌లో అబ్బాయి నా ఆధార్‌ను తన సొంత ఫోన్‌తో ఫొటో తీశాడు. తీసేయమంటే గ్యాలరీ తెరిచాడు. వరసగా ఎవరెవరివో కార్డులు, ఆడవాళ్ళవి, పిల్లలవి. నాది చెరిపించాను, మిగతావాళ్ళ సంగతి? అప్పటినుంచి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటే ఇస్తున్నాను.

డిజియాత్రకు ఐదుకు మూడు మార్కులు. సౌకర్యానికి పూర్తిగా ఇవ్వొచ్చు, ఆ గడువు వాక్యానికి రెండు తీసేస్తున్నాను. ఒంటరిగా వెళ్ళేటప్పుడు, ఆలస్యమైనప్పుడు వాడతాను. అమ్మతో వెళ్తే మామూలు లైనే. అమ్మ ఓటరు కార్డు చూపిస్తుంది. జవాను ఫొటో చూసి, ఆమె ముఖం చూసి, కార్డు తిరిగి చేతిలో పెట్టేస్తాడు.