సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్: వెలిగొండల్లో నోరు విప్పుతుంది, పెన్న డెల్టాలో మూగపోతుంది

భూస్వరూపాలు చదివేవాళ్ల చేతికి మొదట వచ్చేది 1:50,000 టోపోషీటే, అంటే నేల ఎత్తుపల్లాలూ వాగులూ బాటలూ చూపే పటం. కాగితం మీద 2 సెం.మీ. అంటే నేల మీద కిలోమీటరు. ఒక షీటులో పట్టేది అక్షాంశం 15 నిమిషాలు, రేఖాంశం 15 నిమిషాలు (అంటే పావు డిగ్రీ). మన వైపు ఒక్కో షీటు సుమారు 27 కి.మీ. చదరం. కాంటూరు అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత; గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, షీటు మంచీ చెడూ అంతా అందులోనే ఉంది.

కొండల్లో దీనికి సాటి లేదు. సోమశిల ఉన్న 57 ఎన్/7 నంబరు షీటు తెరిస్తే, వెలిగొండలను కోసుకుని పెన్న బయటపడే చోట గోధుమరంగు గీతలు రెండు పక్కలా ఒత్తుకొచ్చి మధ్యలో ఏటికి సందు ఇస్తాయి. ఆనకట్ట అక్కడే ఎందుకు కట్టారో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. 57 ఎం/2 లో కంభం చెరువు కథా అదే. కొండల మధ్య గుండ్లకమ్మకు ఉన్న సందును విజయనగర కాలంలోనే కట్ట వేసి మూశారు. ఉదయగిరి కోసం 57 ఎన్/5 తీసుకోండి. దుర్గం అంచున గీతలు ఒకదానిమీదొకటి పడ్డట్టుంటాయి.

వాలు లెక్కకు స్కేలుబద్ద చాలు. గీతల మధ్య 1 మి.మీ. ఉంటే నేల మీద 50 మీ. నడకకు 20 మీ. ఎక్కుడు, అంటే దాదాపు 22 డిగ్రీలు. 2 మి.మీ. ఉంటే 11, 5 మి.మీ. ఉంటే నాలుగున్నర. కొండ పైనుంచి కిందికి ఇలా కొలుచుకుంటూ వస్తే ఒకచోట వాలు ఠక్కున తగ్గిపోతుంది. రాతికొండ అయిపోయి, పైనుంచి జారిన రాళ్లూ మట్టీ పరుచుకున్న పాదం మొదలైంది అక్కడే. వాగుల దగ్గర గీతలు 'వి' ఆకారంలో వంగుతాయి, మొన ఎప్పుడూ ఎగువకే. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చదివి, లోయను గట్టుగా గీసేస్తారు.

నీళ్ల రంగు విషయంలోనూ తప్పు జరుగుతుంది. నల్లగీతతో ఉన్న వాగును దారి అనుకోవద్దు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండేదాన్ని నలుపులో, నీళ్లుండేదాన్ని నీలంలో వేస్తారు. ప్రకాశం మెట్టలో చాలా వాగులు నలుపే. అందుకే బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసుకుంటే కాంటూరు, వాగు, బండిబాట మూడూ కలిసిపోయి డబ్బు దండగ.

ఇక డెల్టా. నెల్లూరు ఊరే సముద్రమట్టానికి 20 మీ. లోపు ఎత్తులో ఉంది. అక్కణ్ణుంచి మైపాడు తీరం దాకా షీటులో దాదాపు ఒక్క కాంటూరూ రాదు. ఒకదాని వెనక ఒకటి తీరానికి సమాంతరంగా సాగే పాత ఇసుక మిట్టలు, వాటి మధ్య వరి కయ్యల పల్లాలు, పెన్న వదిలేసిన పాత పాయలు అన్నీ ఈ 20 మీటర్ల లోపలే. గీతల కోసం చూస్తే ఖాళీ కాగితమే. ఇక్కడ వేరేవి చదవాలి. కట్టల పక్కన, ఏటి ఒడ్డున, ఇసుక దిబ్బల దగ్గర చిన్న అంకె, దాని వెంట 'ఆర్' అక్షరం ఉంటుంది. 3 ఆర్ అంటే చుట్టూ ఉన్న నేలకంటే 3 మీ. ఎత్తు (సముద్రమట్టం నుంచి కాదు). ఊళ్లూ బాటలూ ఉత్తర దక్షిణంగా ఒకే వరసలో సాగుతుంటే అది మిట్ట. దొరువులు తవ్వుకునేదీ ఆ ఇసుకలోనే, ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొర కోసం.

కొనేముందు ఇంకో మాట. నెల్లూరు 57 ఎన్/15 లో ఉందని అదొక్కటే తెచ్చుకుంటే, 80 డిగ్రీల రేఖాంశం ఊరి తూర్పు పక్కనే గీత గీసి ఆపేస్తుంది. డెల్టా మొత్తం కావాలంటే 57 ఎన్/14, 66 బి/2, 66 బి/3 కూడా కావాలి. పెన్న సముద్రంలో కలిసే చోటు 66 బి/2 లో ఉంది.

డెల్టాలో కాంటూర్లు లేని లోటు పూడ్చడానికి చాలామంది ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటా దించుకుంటారు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి 11 రోజులు రాడార్‌తో కొలిచింది. ఒక్కో గడి సుమారు 30 మీ. మంచిదే, కానీ అది కొలిచింది నేలనొక్కదాన్నే కాదు, చెట్ల గుబురునూ కలిపి. తీరంలో అంచులు గీసినట్టు నలుచదరంగా దిబ్బ కనిపిస్తే అది దిబ్బ కాదు, సరుగుడు తోట. నరికేస్తే ఆ 'దిబ్బ' కూడా పోతుంది.

తీరం ఎంత కోతకు గురైందో చెప్పడానికి పాత షీటునూ ఉపగ్రహ చిత్రాన్నీ ఒకదానిపై ఒకటి వేయడం ప్రాజెక్టు రిపోర్టుల్లో మామూలైపోయింది. అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే ఆధారాన్ని డేటమ్ అంటారు. పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద, అందరికీ ఇచ్చే కొత్త ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ మీద ఉంటాయి. మార్చకుండా వేస్తే మన దగ్గర వంద మీటర్ల పైచిలుకు పక్కకు జరుగుతుంది. డేటమ్ సరిచేసినా, అర మిల్లీమీటరు మందం గీతే నేల మీద 25 మీ. పది మీటర్ల కోత తేల్చామని రాస్తే నమ్మకండి. రొయ్యల గుంటలు వచ్చాక ఉప్పుపర్రల రూపమే మారిపోయింది కాబట్టి, షీటు అంచున సర్వే ఏడాది చూడకుండా పోల్చడం అసలే వద్దు.

ఓపెన్ సిరీస్ పీడీఎఫ్‌లు సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఉచితం. ప్లాటర్ (పెద్ద కాగితాల ప్రింటర్) ఉన్న షాపులో ఏ1 కాగితం మీద, 'ఫిట్ టు పేజ్' తీసేసి, అసలు సైజులో కలర్ తీయించండి. షాపు వదిలేలోపే షీటు కింది స్కేలుపట్టీ మీద బద్ద పెట్టి చూడండి: 5 కి.మీ. సరిగ్గా 10 సెం.మీ. రావాలి. 9.7 వచ్చిందంటే పైన చెప్పిన వాలు లెక్కలన్నీ తప్పుతాయి, అక్కడికక్కడే మళ్లీ తీయించుకోండి.