ఆట స్థలంలో ఆరు కళాకృతులు: ఏది చదువు చెప్పింది, ఏది అలంకారంగా మిగిలింది

కోనసీమలో ఒక కిండర్‌గార్టెన్ ఆవరణలో స్థానిక వర్క్‌షాపు బిగించిన ఆరు కళాకృతుల సెట్టు మీద ఈ సమీక్ష. స్థలం 12 సెంట్లు, పిల్లలు 40 మంది, అందరూ మూడు నుంచి ఆరేళ్ల లోపువాళ్లే. సెట్టులో కాలువ బల్ల, మోగే గోడ, నీడ గడియారం, ప్రభ మగ్గం, అక్షరాల బొమ్మల గోడ, టైరు గుర్రాలు ఉన్నాయి. రవాణా, బిగింపు, ఏడాది మరమ్మతులు కలిపి రూ. 1.80 లక్షలు. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక చూస్తే మూడింటికి పెట్టిన డబ్బు దక్కింది. ఒకటి మళ్లీ కొత్తగా వేశాక పనికొచ్చింది. మిగతా రెండూ లేకపోయినా ఆ పిల్లలకు లోటేమీ ఉండేది కాదు.

బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లోనే ఈ సంగతి చెప్పాడు: పిల్లలు కదపగలిగేవి, మార్చగలిగేవి, విడిగా చేతికొచ్చేవి ఎన్ని ఉంటే అక్కడ అంత కొత్త ఆలోచన పుడుతుంది. ఈ ఆవరణలో ఉన్నవాటిని ఆ కొలతతోనే చూడాలి. పిల్ల చెయ్యి పడగానే ఏదో ఒకటి మారాలి. మారకపోతే అది ఎంత అందంగా ఉన్నా వారం రోజుల ముచ్చటే.

అన్నిటికన్నా గొప్పగా కుదిరింది కాలువ బల్ల. డెల్టా పిల్లలకు ఇంతకంటే దగ్గరి వస్తువు ఇంకోటి దొరకదు. పైన 20 లీటర్ల తొట్టి ధవళేశ్వరం ఆనకట్ట అన్నమాట. దాని కింద తూర్పు, మధ్య, పడమర డెల్టాలకు మూడు కాలువలు, ఒక్కో కాలువకు మూడేసి తూములు, తూము తూముకీ పైకి లాగే తలుపు. చివర ఇసుక నింపిన చిన్న మడులు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేల మీద నడుస్తున్న వ్యవహారమంతా 2.4 మీటర్ల బల్ల మీద కనిపిస్తుంది. ఎత్తు 50 సెం.మీ., అంటే నాలుగేళ్ల పిల్ల నడుము దాకా. పక్కన నిలబడి చూస్తే ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పైతూము దగ్గరున్న పిల్లాడు తలుపు పూర్తిగా ఎత్తేస్తాడు. నీళ్లన్నీ అతని మడిలోకే పోతాయి. చివరి మడి దగ్గర కూర్చున్న పిల్ల ఇసుకలో వేలు గుచ్చి చూసుకుని, "ఒరేయ్, తలుపెయ్యరా! నాకు రాట్లేదు!" అని అరుస్తుంది. వాడు సగం దించుతాడు. ఇద్దరూ ఒంగి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తారు. శివారు పొలానికి నీళ్లెందుకు అందవో, వంతు ఎందుకు పెడతారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఎక్కువ, తక్కువ, సగం, నిండా, ముందు, తర్వాత అన్న మాటలన్నీ మాత్రం అక్కడే నోటికొచ్చేస్తున్నాయి. టీచర్లు ఒక పిల్లని లస్కరుగా, అంటే కాలువ నీళ్లు చూసుకునే మనిషిగా, నిలబెట్టడం మొదలుపెట్టాక ఆట ఇంకా పెరిగింది.

లోపాలూ ఉన్నాయి. కాలువలకు వాడింది 110 మి.మీ. పీవీసీ గొట్టం, నిలువునా సగానికి కోసింది. సరైన ఎంపికే. మొదట వేసిన చీల్చిన వెదురు తడికీ ఎండకీ ఒక్క వానాకాలంలోనే పగిలిపోయింది. బోరాక్స్, బోరిక్ ఆమ్లంలో నానబెట్టిన వెదురైనా రోజూ నీళ్లు పారితే ఆ మందు కరిగి పోతుంది. వాలు విషయంలో మాత్రం వర్క్‌షాపు పొరపడింది. మీటరుకు 5 సెం.మీ. ఇచ్చారు. నీళ్లు తూముల దగ్గర ఆగకుండా దూకి పోయాయి. మీటరుకు 2 సెం.మీ.కి తగ్గించాక దారికొచ్చింది. అంతకన్నా తగ్గిస్తే ఒండ్రు పేరుకుంటుంది. తలుపులు చెక్కతో చేశారు. ఆగస్టు కల్లా ఉబ్బి గాడిలో బిగుసుకుపోయాయి. వంటింట్లో కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ పలకను కోసి, గాడికి రెండు మి.మీ. వదులు ఉంచితే ఆ బాధ ఉండదు. తీర ప్రాంతపు మండలాల్లో బోరు నీళ్లు ఉప్పన కాబట్టి మేకులు, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువే అడిగి తీసుకోవాలి. తొట్టిలో తప్ప బల్ల మీద ఎక్కడా నీటి లోతు 5 సెం.మీ. దాటకూడదు. తొట్టికి మూత, పక్కన ఒక పెద్ద మనిషి తప్పనిసరి. సాయంత్రం బిరడా లాగి నీళ్లు అరటి మొక్కలకు వదలాలి. ఈ వేడికి దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులే పడుతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే పారబోస్తే ఆ భయం ఉండదు.

మోగే గోడకు ఆరు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టాలు, అంగుళం వ్యాసంవి, మోహన రాగం స్వరాలకు కోసి వేలాడదీశారు. మోహన ఎంచుకోవడం మంచి తెలివి. ఏ రెండు గొట్టాలు కలిపి కొట్టినా చెవికి కటువుగా ఉండదు, మూడేళ్ల పిల్ల వాయించినా పాటలాగే వినిపిస్తుంది. సొంతంగా చేయించుకునేవాళ్లకు కొలతలివి: షడ్జమం 60 సెం.మీ., రిషభం 56.6, గాంధారం 53.7, పంచమం 49, ధైవతం 46.5, పై షడ్జమం 42.4. స్వరం రెట్టింపు అవడానికి గొట్టం సగం కానక్కర్లేదు, పొడవును 0.707తో హెచ్చవేస్తే చాలు. చాలామంది మేస్త్రీలు ఇక్కడే సగానికి కోసేసి పాడుచేస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, గొట్టాన్ని పట్టుకునే చోటు. రెండు చివరల నుంచీ పొడవులో 22.4 శాతం దగ్గర, అంటే 60 సెం.మీ. గొట్టానికి 13.4 సెం.మీ. దగ్గర, కదలిక ఉండదు. అక్కడే రంధ్రం వేసి నైలాన్ తాడుతో, రబ్బరు వాషర్లతో కట్టాలి. ఈ ఆవరణలో తొలి రోజు గొట్టాలను పలకకు నట్లతో బిగించేశారు. 'ఠక్' అన్న చప్పుడు తప్ప నాదం లేదు. విప్పి తాడుతో కట్టించాక గుడి గంటలా మోగాయి. కొట్టే పుల్లకు సైకిల్ ట్యూబు చుట్టాలి, దాన్ని కట్టే తాడు జానెడుకు మించకూడదు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. గోడను తరగతి గది కిటికీలకు దూరంగా పెట్టించండి, లేకపోతే టీచరే ఒక రోజు ఆ పుల్లలు దాచేస్తుంది. పొట్టి గొట్టం సన్నగా, పొడుగు గొట్టం బొంగురుగా పలుకుతుందని పిల్లలు మొదటి వారంలోనే పట్టేశారు. వరుస మార్చి కట్టి చూపిస్తే మళ్లీ సరిగ్గా పేర్చగలుగుతున్నారు.

నీడ గడియారంలో పిల్ల తానే ముల్లు. నెల గుర్తు మీద నిలబడితే నీడ వెళ్లి గంట గుర్తు మీద పడుతుంది. ఆలోచన అద్భుతం, మొదటి అమరిక మాత్రం పూర్తిగా తప్పు. ఏదో చల్లని దేశపు నమూనా చూసి గంటల రాళ్లను దాదాపు గుండ్రంగా పేర్చారు. అమలాపురం అక్షాంశం 16.6 డిగ్రీలు. ఇక్కడ ఆ అమరిక బాగా నొక్కిన కోడిగుడ్డులా ఉండాలి: తూర్పు పడమరలకు సగం పొడవు ఒక మీటరైతే ఉత్తర దక్షిణాలకు 29 సెం.మీ. మాత్రమే. నెలల వరుస మధ్య నుంచి ఉత్తరానికి 42 సెం.మీ. (జూన్ చివర), దక్షిణానికి 42 సెం.మీ. (డిసెంబర్ చివర). రెండో తప్పు పరిమాణం. పెద్దవాళ్ల లెక్కన రెండు మీటర్ల సగం పొడవుతో వేశారు. మీటరు ఎత్తు పిల్ల నీడ మార్చి నెల ఉదయం 10 గంటలకు దాదాపు 67 సెం.మీ. ఉంటుంది, గుర్తేమో 112 సెం.మీ. దూరంలో ఉంది. అందదు. ఒక మీటరుకు కుదించాక ఆ గుర్తు 56 సెం.మీ.కి వచ్చింది, నీడ తల దాన్ని దాటి పడుతోంది.

డెల్టాకు ఇందులో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగానే వెళ్తుంది, అందుకే ఇక్కడ ఎండ గడియారానికీ చేతి గడియారానికీ తేడా తక్కువ: ఫిబ్రవరి నడుమ మధ్యాహ్నం 12:16కి, నవంబర్ మొదట్లో 11:46కి నీడ పన్నెండు చూపిస్తుంది. ఇక మే మొదటి వారంలో, ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందికి వెళ్లిపోతుంది. ఆ నడిమి నెలల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బు. ఎండ కాసిన రోజు దొరికితే మాత్రం వదలకుండా పిల్లల్ని బయటికి తీసుకురావాలి. అంకెల బదులు పదిన్నర దగ్గర అరటిపండు బొమ్మ, పన్నెండు దగ్గర అన్నం పళ్లెం చెక్కించడం ఈ వర్క్‌షాపు చేసిన మంచి పని. గుర్తులకు కడప రాయి వాడారు, సిమెంటు నేల మీద రంగైతే నెలల్లో చెరిగిపోయేది. ఉత్తరం చూసుకునేటప్పుడు దిక్సూచిని ఇనుప గేటుకు దూరంగా పట్టుకోవాలి.

ప్రభ మగ్గం చవక, అందం, ఉపయోగం మూడూ కలిసొచ్చిన వస్తువు. కనుమ నాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించి భుజాల మీద మోసుకెళ్లే ఎత్తైన చట్రాలు) వెళ్లడం చూసిన పిల్లలే ఇక్కడ ఎక్కువ. నాలుగడుగుల వెదురు చట్రాన్ని ప్రభలా వంచి, నిలువునా కొబ్బరి తాళ్లు 5 సెం.మీ. ఎడంతో కట్టారు. పిల్లలు పాత చీరల పీలికలు ఒకటి మీద, ఒకటి కింద నేస్తారు. వేళ్లకు పట్టు వస్తుంది, ఎరుపు పసుపు ఎరుపు పసుపు అని వరుస కట్టడం వస్తుంది. వారానికోసారి విప్పేస్తే మళ్లీ కొత్త ప్రభ. తాళ్ల సందు 9 నుంచి 23 సెం.మీ. మధ్య ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది, కాబట్టి తాడు వదులైతే వెంటనే బిగించాలి. కొబ్బరి తాడు వానకు నల్లబడి బూజు పడుతుంది, పైన రేకు చూరు ఉంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అక్షరాల గోడకే బిల్లులో పెద్ద వాటా పోయింది, నిరాశ కూడా దానితోనే. నెమలి, ఏనుగు, అ ఆ ఇ ఈ, అన్నీ చక్కగా గీశారు, కానీ ఐదడుగుల ఎత్తున. పిల్ల కళ్లు మీటరు లోపే ఉంటాయి. భవనాన్నే బోధనోపకరణం చేసే 'బాల' పద్ధతిలో తలుపు తెరుచుకునే కోణాలను నేల మీద గీయడం లాంటి చక్కని ఆలోచనలున్నాయి. అవన్నీ వదిలి చాలా చోట్ల గోడ మీది రంగుల వరకే ఆగిపోతున్నారు. కింది నుంచి నెమ్మెక్కి ఉప్పు పొంగి ఆరు నెలలకే పెచ్చులు లేచాయి. అదే డబ్బులో కొంతతో రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కడప రాళ్లు మూడు అడ్డంగా, నేల నుంచి 50 సెం.మీ. ఎత్తులో బిగిస్తే పిల్లలు సుద్దతో గీస్తారు, తడి కుంచెతో 'అ' రాసి అది ఆరిపోవడం చూస్తారు. రంగు వేయించక తప్పకపోతే డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) లోపు అని ఉందో లేదో చూడండి. ఆ నిబంధన ఇళ్లకు వాడే రంగులకే, ఇనుముకు వేసే పారిశ్రామిక ఎనామిళ్లకు వర్తించదు.

టైరు గుర్రాలు వద్దు. ఎండకు కాలుతాయి, లోపల నీళ్లు నిలుస్తాయి. ఇప్పటికే ఉంటే అడుగున అంగుళం రంధ్రాలు నాలుగేసి పెట్టించండి.

బిగింపు గురించి. ఒండ్రు నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది, స్తంభాలు ఒరుగుతాయి. గొయ్యి 75 సెం.మీ. లోతు, అడుగున 10 సెం.మీ. కంకర, కాంక్రీటు పైభాగం నేలకు 15 సెం.మీ. కిందనే ఆగాలి, దాని మీద ఇసుక. ఆగస్టు నుంచి నవంబర్ దాకా తవ్విన గోతిలో నీళ్లూరతాయి, జనవరి నుంచి మే లోపే పని పెట్టుకోవాలి. కొబ్బరి చెట్ల కింద ఏదీ పెట్టకూడదు. కాయల దింపు ఎంత సక్రమంగా చేయించినా ఎండు మట్ట, ముదురు కాయ ఎప్పుడు రాలేదీ చెప్పలేం. ఇక్కడ ప్రభ మగ్గాన్ని ఆ కారణంగానే ఆరు మీటర్లు జరపాల్సి వచ్చింది.

వర్క్‌షాపు పనితనం శుభ్రంగా ఉంది. అంచులన్నీ గుండ్రంగా రుద్దారు, ఏ మేకు తలా బయటికి లేదు, తప్పు చూపిస్తే వచ్చి సరిచేశారు. ఏడాది మరమ్మతుల ఒప్పందంలో తాళ్లు, తలుపులు, వాషర్లు లేవు. సంతకం పెట్టే ముందు తూము తలుపులు నాలుగు, రబ్బరు వాషర్లు రెండు డజన్లు, కొబ్బరి తాడు 20 మీటర్లు అదనంగా రాయించుకోండి.