అమ్మ కోసం ఆభా వాడాక: ఆస్పత్రి వరకు బాగుంది, ఇంటి దగ్గరికొచ్చేసరికి తెగిపోతోంది

ఆభా అంటే మన ఆరోగ్య రికార్డుల్ని ఒక నంబరుకి కలిపే కేంద్ర ప్రభుత్వ హెల్త్ ఐడీ, దానికో యాప్. దీని గురించి ఇన్‌స్టాల్ చేసిన రోజే రాసేసిన రివ్యూలు చాలా ఉన్నాయి, నేను రెండేళ్ల పైన అమ్మ కోసం వాడి రాస్తున్నా. అమ్మకి పక్షవాతం, కుడి వైపు పడిపోయింది. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో నాన్నతో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. డాక్టరు, మందులు, ఫిజియో, పెన్షన్, ఇంటికొచ్చి చూసేవాళ్లు, వీళ్లందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి, నాకు కావాల్సింది అదీ.

14 అంకెల నంబరు ఆధార్ ఓటీపీతో వెంటనే వచ్చేస్తుంది. పెద్దవాళ్ల ఆధార్‌కి ఫోన్ లింక్ లేకపోతే మాత్రం ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి ఆ పని చేయించండి. పెద్దాసుపత్రి ఓపీలో క్యూఆర్ స్కాన్ చేస్తే వివరాలు వాళ్లకి వెళ్లిపోయి టోకెన్ మన ఫోన్‌కే వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని ఒక మూల వదిలేసి లైన్లో నిలబడే బాధ తప్పింది, ఇది చిన్న విషయం కాదండి.

నాకు బాగా నచ్చింది కన్సెంట్. రికార్డులన్నీ ఒకే చోట పోగేస్తారని చాలామందికి భయం. అలా కాదు, ఎక్కడి రిపోర్ట్ అక్కడే ఉంటుంది, వేరే డాక్టర్ చూడాలంటే మనకి రిక్వెస్ట్ వస్తుంది, ఏ తేదీల రికార్డులు, ఎన్నాళ్లు చూడొచ్చు అన్నది మనం ఒప్పుకోవాలి, తర్వాత వద్దనుకుంటే క్యాన్సిల్ చేసుకోవచ్చు. కాకపోతే ఇందులో చేరని హాస్పిటల్ రిపోర్టులు కనపడవు. అమ్మ మొదట అడ్మిట్ అయిన ప్రైవేట్ హాస్పిటల్ అలాంటిదే, ఆ డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్ట్ నేనే స్కాన్ చేసి డిజీలాకర్‌లో పెట్టా.

ఇక పెన్షన్ వైపు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకి నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకి 15,000. మాలాంటి ఇంటికి ఆ తేడా అంటే ఫిజియో చేయించడమా మానేయడమా అన్నంత తేడా. వైకల్యం ఎంతుందో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ తీసుకుని, కారు మాట్లాడుకుని అమ్మని మోసుకెళ్తే, ఫోన్‌లో అన్నీ ఉన్నాయన్నా వినలేదు, కాగితాల కట్టే కావాలన్నారు.

అన్నిటికంటే బాధనిపించింది ఇంకోటి. అమ్మకి నడుం దగ్గర బెడ్ సోర్, అంటే మంచాన పడుకునే ఉండటం వల్ల వచ్చే పుండు, మొదలైంది. ఒకటో తారీఖు పెన్షన్ ఇవ్వడానికి వచ్చిన సచివాలయం అమ్మాయే ముందు గమనించి నాన్నకి చెప్పింది, మంచి పిల్ల. కానీ తన ఫోన్‌లో వేలిముద్ర వేయించి డబ్బులిచ్చే పని తప్ప ఈ మాట ఎక్కించే దారి లేదంట. ఊళ్లో ఇళ్లకొచ్చే ప్రభుత్వ నర్సు, ఏఎన్ఎం, ట్యాబ్‌లో అమ్మ బీపీ, షుగరు అన్నీ ఉన్నాయి, పుండు సంగతి మాత్రం ఆశా వర్కర్ తర్వాతెప్పుడో వచ్చినప్పుడు తెలిసింది. ఆవిడ అప్పటికప్పుడు విలేజ్ క్లినిక్‌కి చెప్పి ప్రభుత్వ ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఈ-సంజీవనిలో డాక్టర్‌తో వీడియో మాట్లాడించింది, డ్రెస్సింగ్ మొదలుపెట్టారు, తగ్గింది. అంటే డాక్టర్ దాకా వెళ్లే దారి ఉంది, ఇంట్లో కళ్లారా చూసిన మనిషికి ఆ దారి లేదు.

పెన్షన్ ఇచ్చే ఫోన్‌లో "ఈమెని ఏఎన్ఎం వచ్చి చూడాలి" అని ఒక్క బటన్ పెట్టండి, అమ్మలాంటి వాళ్లు ఒప్పుకుంటేనే అది నొక్కేలా. అది వచ్చేదాకా మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్లుంటే ఆశా వర్కర్, ఏఎన్ఎం, సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్, ముగ్గురి నంబర్లూ తీసుకుని వాట్సాప్‌లో ఒక గ్రూప్ పెట్టుకోండి, మేం ఇప్పుడు అదే చేస్తున్నాం.