ముందే డబ్బు కట్టే క్రూజ్ డిస్కౌంట్ సర్టిఫికెట్లు: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

క్రూజ్ అంటే ఓడలో విహారయాత్ర. తర్వాతి క్రూజ్‌లో తగ్గింపు కోసం ముందే కొంత డబ్బు కట్టి తీసుకునే కాగితమే ఈ సర్టిఫికెట్. ఓడ మీద ఉండగా, ఆ ఓడ కంపెనీయే అమ్ముతూ, వాడుకోకపోతే డబ్బు వెనక్కి వచ్చేదైతే కొనండి. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా నేను కొనను, మా వాళ్ళని కొననివ్వను.

2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి కార్డీలియా ఓడ బయల్దేరడం మొదలయ్యాక, మా టి.నగర్, మాంబలం వైపు తెలుగు ఇళ్ళల్లో క్రూజ్ కబుర్లు బాగా పెరిగాయి. చెన్నై, విశాఖ, పుదుచ్చేరి చుట్టి వచ్చినవాళ్ళు ఆ తర్వాత సింగపూర్ పెద్ద ఓడల వైపు చూస్తున్నారు. మేమిద్దరం ఆ దారిలో కొంచెం ముందు నడిచాం కాబట్టి, ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "ఓడలో ఏదో సర్టిఫికెట్ అమ్ముతున్నారు, తీసుకోమంటారా?"

ఎలా అమ్ముతారో ముందు చెప్తాను. ఏ రేవూ తగలకుండా పొద్దస్తమానం నీళ్ళ మీదే ఉండే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు పెద్ద ఓడల్లో తర్వాతి ప్రయాణాల బుకింగ్ బల్ల ముందు వరస కడతారు. కడుపు నిండా తిని, గాలి తగులుతూ, మనసు హాయిగా ఉన్న సమయం అది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడతారు. తేదీ అడగరు, ఊరు అడగరు. "ఇప్పుడు కొంచెం కట్టండి, ఎప్పుడు వెళ్ళాలో ఇంటికెళ్ళి నిదానంగా చూసుకోండి" అంటారు. ఆ డబ్బు ఓడలో మన ఖాతాలో పడి, దిగేటప్పుడు కార్డు మీద పోతుంది. సాయంత్రానికి గదికి ఒక కాగితం వస్తుంది. పైన మన పేరు, నంబరు, మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటాయి. షరతులు మాత్రం కింద సన్నటి అక్షరాల్లో ఉంటాయి. నేను ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదువుతాను.

కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. ప్రిన్సెస్ వాళ్ళ ఫ్యూచర్ క్రూజ్ డిపాజిట్ మనిషికి 100 డాలర్లు, వాడకపోతే తిరిగిస్తారు. పైగా తర్వాతి ప్రయాణంలో ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత క్రెడిట్ ఇస్తారు. నార్వేజియన్ వాళ్ళ క్రూజ్‌నెక్స్ట్ సర్టిఫికెట్ 250 డాలర్లకు అమ్మేవాళ్ళు. దాంతో ఏదో ఒక బోనస్ ఉండేది కానీ డబ్బు మాత్రం తిరిగి రాదు. ఈ నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి, మీరు ఎక్కిన రోజున చేతికిచ్చిన కాగితమే లెక్క. ప్రిన్సెస్‌ది డిపాజిట్, నార్వేజియన్‌ది ముందుగా చేసిన కొనుగోలు. అమ్మేవాళ్ళు రెండింటినీ ఒకే గొంతుతో చెప్తారు.

ఇక అసలు లెక్క. ఇద్దరికి నాలుగు రాత్రుల ప్రయాణం అనుకుందాం. అసలు ఛార్జీ 900 డాలర్లు, రేవు పన్నులు 250, సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ మనిషికి రోజుకు 18.50 చొప్పున 148. మొత్తం 1,298. ఇప్పుడు 100 కడితే 200 విలువ చేసే సర్టిఫికెట్ మీ దగ్గర ఉంది. చూడటానికి డబ్బు రెట్టింపైంది. కానీ మీకు మిగిలేది 100, అంటే మొత్తం బిల్లులో ఎనిమిది శాతం కూడా లేదు. అయినా మంచిదే, కాదనను. అయితే చాలా సర్టిఫికెట్ల మీద "ఇతర ఆఫర్లతో కలపకూడదు" అని రాసి ఉంటుంది. అదే వారం అందరికీ ఇచ్చే సేల్‌లో 150 డాలర్లు తగ్గితే, సర్టిఫికెట్ వాడినవాళ్ళు 50 డాలర్లు ఎక్కువ కట్టినట్టు. ఓడ ఛార్జీలు విమానం టికెట్లలాగే రోజూ మారతాయి. అందుకే నేను బుక్ చేసే ముందు రెండు ధరలు పక్కపక్కన పెట్టుకుంటాను. ఒకటి సర్టిఫికెట్ లేకుండా దొరికే అతి తక్కువ ధర, రెండోది సర్టిఫికెట్‌తో. రెండింటిలోనూ పన్నులు, గ్రాట్యుటీ కలిసిన ఆఖరి మొత్తమే చూస్తాను.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చెన్నైలో చాలామంది ఏజెంటు ద్వారా, విమానంతో కలిపి రూపాయల్లో ప్యాకేజీ తీసుకుంటారు. ఆ ఏజెంటు ముందే టోకున పట్టుకున్న గ్రూపు గదుల మీద మీ సర్టిఫికెట్ సాధారణంగా చెల్లదు. మేము ఒకసారి బుకింగ్‌కి వెళ్తే ఏజెంటు ఆఫీసులో అమ్మాయి ఆ నంబరు చూసి, "సార్, ఇది మా రేటుకి పట్టదు, కంపెనీ రేటుకి మారిస్తేనే" అంది. కంపెనీ రేటు అప్పుడు ఎక్కువుంది. మాది తిరిగొచ్చే రకం కాబట్టి డబ్బు వెనక్కి తీసుకుని, గ్రూపు రేటులోనే వెళ్ళాం. వచ్చింది కూడా కట్టినంతా. తిరిగి రాని రకమైతే ఆ రోజు మా చేతులు కట్టేసినట్టే ఉండేది.

"డాలర్ ఎలాగూ పెరుగుతుంది కదా, ఇప్పుడే కట్టేస్తే లాభమే" అనే వాదన బెంగళూరులో ఉన్న మా తోడల్లుడు ప్రతిసారీ చెప్తాడు. 2019 చివర్లో డాలర్ 71 రూపాయల దగ్గరుంది, 2025 డిసెంబరులో 90 దాటింది. నిజమే, కానీ ఏడాదికి లెక్క కడితే నాలుగు శాతం చిల్లర. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది. పైగా మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్, అంటే బ్యాంకు అదనంగా వేసే రుసుము, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. అంటే 250 డాలర్ల సర్టిఫికెట్ కొన్న రోజే పది డాలర్లకు పైగా ఎగిరిపోతాయి. ఓడలో డబ్బు కట్టాల్సి వస్తే మార్కప్ లేని కార్డు గానీ, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు గానీ ఓడ వాళ్ళకి ముందే ఇచ్చి ఉంచండి.

సర్టిఫికెట్ గడువు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనకు వీసాలున్నాయి. అమెరికా వాళ్ళకి రెండేళ్ళ గడువంటే రెండేళ్ళే. మనం అలాస్కా వెళ్ళాలని వాంకూవర్‌లో ఓడెక్కితే కెనడా వీసా, అమెరికా వీసా రెండూ కావాలి. అమెరికా ఇంటర్వ్యూ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు నాకు తెలుసు. సింగపూర్‌లో ఎక్కి అక్కడే దిగే ప్రయాణాలైతే సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఉంటే సరిపోదు. పేరు మార్పు కూడా అడగండి. నా పేరున ఉన్నది మా అమ్మాయికి పనికొస్తుందా అంటే, నేను చూసినవాటిలో చాలావాటికి కాదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం కంపెనీలు మూతపడటం. 2020 మార్చిలో ప్రపంచమంతా ఓడలు ఆగిపోయాయి. మన దేశంలో 2019లో ముంబై నుంచి మొదలైన జలేశ్ క్రూజెస్ 2020 అక్టోబరులో మూసేసింది, దాని కర్ణికా ఓడ అలంగ్ తీరంలో తుక్కుకి వెళ్ళింది. సింగపూర్ నుంచి మనవాళ్ళు ఎంతోమంది ఎక్కిన డ్రీమ్ క్రూజెస్ యజమాని జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అలాంటి రోజున ముందే డబ్బు కట్టినవాడు అప్పిచ్చినవాళ్ళ వరసలో నిలబడాల్సిందే, అదీ తాకట్టు ఏమీ లేకుండా. అందుకే నేను ఒక్కో గదికి ఒక్కటి మించి కొనను, పోయినా ఇల్లు కదలనంత మొత్తమే పెడతాను.

మాల్స్‌లో, పెట్రోల్ బంకుల దగ్గర కూపన్ నింపించుకుని, తర్వాత "దంపతులిద్దరూ హోటల్‌కి రండి" అని పిలిచి క్రూజ్ సర్టిఫికెట్లు, హాలిడే మెంబర్‌షిప్‌లు అమ్మేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. అక్కడ ఓడ పేరు రాతలో ఉండదు, "లభ్యతను బట్టి" అనే మాట మాత్రం తప్పకుండా ఉంటుంది. ఆ రోజే సంతకం చేయాలని తొందరపెడితే లేచి వచ్చేయండి. ఇప్పటికే కట్టి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాళ్ళ ఊరు వెళ్ళనక్కర్లేదు.

పోయిన నెల మా తోడల్లుడు ఓడ మీద నుంచే వాట్సాప్‌లో కాగితం ఫోటో పంపి, "అన్నయ్యా, నాలుగు తీసుకుంటే ఇంకో బోనస్ అంటున్నారు" అన్నాడు. కింది వరసలు పెద్దవి చేసి చూశాను. రిఫండ్ ఉంది, గడువు రెండేళ్ళు, పేరు మార్పు లేదు. ఇద్దరికీ చెరొకటి తీసుకోమన్నాను, పిల్లల పేర్ల మీద వద్దన్నాను. దిగేలోపు ఆ నంబర్లు తన ఆన్‌లైన్ ఖాతాలో కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోమన్నాను, ఎందుకంటే దిగాక ఆ బల్ల దగ్గరి మనిషి మనకు దొరకడు.