ట్రెడ్ మీద ఫిర్యాదు లేదు, నా కోపమంతా సైడ్‌వాల్ మీదే

మా కారుకు ఈ టైర్లు వేయించుకున్న కొత్తలో, ఇవి చప్పుడు లేకుండా నడుస్తాయని, చిన్న గతుకులను లోపలివారికి తెలియనివ్వవని, సమంగా అరుగుతాయని అడిగినవారందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు; కాని ఆ మెత్తదనంలో కొంత సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పలుచదనం వల్ల వచ్చినదేమోనన్న అనుమానం మాత్రం ఇప్పుడు బలపడింది.

మేము ఒడిశాలోని రాయగడలో ఉంటాము. బంధువులు కొరాపుట్‌లోను, జయపురంలోను ఉన్నందువల్ల 326వ నంబరు జాతీయ రహదారి మీద లక్ష్మీపూర్ మీదుగా తరచు వెళ్లవలసి వస్తుంది. మొన్నటి వర్షాకాలంలో, ఎదురుగా లారీ వస్తున్నందున పక్కకు తప్పించే వీలు లేక, నీళ్లు నిండిన గోతిలో ముందు ఎడమ చక్రం దిగింది. బండి ఆగలేదు, గాలీ పోలేదు. మరునాడు ఉదయం చూస్తే సైడ్‌వాల్ మీద అరచేతికి తగిలేంత గుబ్బ లేచి ఉంది; పైన గీత గాని, కోత గాని లేదు. పంక్చర్ షాపు అబ్బాయి టైరు విప్పి, లోపలి వైపు బొటనవేలితో రాసి చూపించాడు: గోతి అంచుకు, రిమ్ముకు మధ్య నలిగిన చోట లోపలి దారాలు తెగి, సన్నని మడత పడి ఉంది. "దీనికి ప్యాచ్ వెయ్యను సార్, ఘాట్‌లో పేలిందంటే మీరు నన్నే తిడతారు" అన్నాడు. దారాలు తెగిన చోట గాలిని ఆపవలసింది వట్టి రబ్బరే గనుక, అతడి మాట నిజమే.

అసలు కోపం వారంటీ దగ్గర వచ్చింది. రోడ్డు దెబ్బకు వారంటీ వర్తించదని టైరు కంపెనీవారు అన్నారు. అది కాగితం మీద ఉన్నదే, ఒప్పుకున్నాను. కాని గాలి తక్కువగా పెట్టి నడిపారని కూడా రాశారు. తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత గాలి పెట్టించే అలవాటు నాది. గాలి తక్కువైతే ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) రెండు అంచులూ ముందు అరుగుతాయి, ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. నా టైరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కతీరుగా అరిగి ఉంది, గాడుల్లో అరుగుదల హద్దును చూపే 1.6 మిల్లీమీటర్ల గుర్తు ఇంకా దూరంగానే ఉంది. అంత ట్రెడ్ మిగిలి ఉండగా పారేయవలసి రావడమే ప్రాణానికి కష్టంగా ఉంది.

సమంగా అరుగుతాయన్న మాటకూ ఒక సవరణ చేయాలి. ఆ దెబ్బకు టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కదిలినట్టుంది. అలైన్‌మెంట్ చేయించేలోపే కుడి ముందు టైరు మీద చెయ్యి ఒక వైపుకు రాస్తే నునుపుగా, తిరిగి రాస్తే రంపపు పళ్లలా తగలసాగింది. ఇందులో టైరు తప్పేమీ లేదు.

విజయనగరం, విశాఖ వైపు మంచి రోడ్ల మీద ఇద్దరు ముగ్గురితో తిరిగేవారికి ఈ టైర్లు వద్దని నేను చెప్పలేను. ఇంటిల్లిపాదితో, డిక్కీ నిండా బియ్యం బస్తాలతో ఘాట్లు ఎక్కే నా బండికి మాత్రం, ముందు రెండింటికీ అదే సైజులో ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) గుర్తున్నవి తెప్పించమన్నాను. అవి కాస్త గట్టిగా, కాస్త చప్పుడుగా ఉంటాయని దుకాణదారు ముందే చెప్పాడు. ఆ కుడి టైరు స్టెప్నీగా పనికొస్తుంది.