సెయింట్ ఎమిలియన్‌లో 38 యూరోల గ్లాసు

ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎమిలియన్ చూడదగ్గ ఊరే. 1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రాతి వీధులు, చుట్టూ ద్రాక్షతోటలు. బోర్డో నుంచి రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు. హాయిగా తిరిగి రండి. వైన్ మాత్రం అక్కడి సందుల్లో తాగకండి.

అక్కడి ఓ సందు దుకాణంలో మేము అడిగింది 2003 నాటి ఎర్ర వైన్. ఆ ఆగస్టు ఎండలకు యూరప్ మాడిపోయింది. అంత వేడికి ద్రాక్షలో చక్కెర పెరిగి పులుపు పడిపోతుంది, వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువవుతుంది. ఈ ఊరి ఖరీదైన తోట పావీ, దాని 2003 వైన్‌ను అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆకాశానికెత్తితే, బ్రిటన్‌కు చెందిన జాన్సిస్ రాబిన్సన్ ఈసడించారు. పావీ కొనే స్తోమత నాకు లేదు. అదే ఏడాది, అదే ఊరి వైన్ ఒక్క గ్లాసు తాగితే ఎవరి మాట నిజమో తెలుస్తుందని ఆశ.

గ్లాసు 38 యూరోలు, పోసింది 75 మిల్లీలీటర్లు. సీసా ఎప్పుడు తెరిచారంటే "ఇవాళే" అన్నాడు దుకాణంవాడు, ఎటో చూస్తూ. గది ఉక్కగా ఉంది, గ్లాసూ వెచ్చగానే ఉంది. ముందు ఆల్కహాల్ ఘాటు, వెనకే ఉడికిన కిస్మిస్ వాసన, అడుగున నల్లటి మడ్డి. పాత సీసాను నిలబెట్టి ఉంచి, మడ్డి దిగాక మెల్లగా మరో పాత్రలోకి వంచాలి. ఆ ఓపిక ఎవరికుంది? కాస్త చల్లబరచమంటే, ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలని నాకు పాఠం చెప్పాడు. ఆ గది 17 డిగ్రీలుంటే నేనూ ఒప్పుకునేవాడిని. మా ఆవిడ ఒక్క గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపింది. రైలు ఎక్కేదాకా మాటల్లేవు.

మర్నాడు బోర్డోలో వైన్ మ్యూజియం చూశాము. బాగుంది, టికెట్‌లోనే ఒక గ్లాసు కూడా ఇస్తారు.

సాయంత్రం రైల్వేస్టేషన్ వెనక చిన్న దుకాణంలో బోర్డో ప్రాంతంలోనే మరో ఊరైన సెయింట్ ఎస్తెఫ్ 2003 వైన్ దొరికింది, గ్లాసు 24 యూరోలు. దుకాణం నడిపే పెద్దావిడ సీసా చూపించి, మా ముందే బిరడా తీసి, మెడ కింద చిన్న దీపం పెట్టి వంచింది. మడ్డి మెడ దాకా రాగానే చెయ్యి ఆపేసింది. వైన్ అంచున ఇటుక రంగు. పొగాకు, దేవదారు చెక్క, ఎండిన రేగుపండు వాసనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వగరు అరిగిపోయి మెత్తబడింది. సెయింట్ ఎస్తెఫ్ నేల అడుగున బంకమట్టి ఎక్కువ, అది పట్టి ఉంచిన నీరే ఆ వేసవిలో తీగలను కాపాడింది. చివర్లో పులుపు చాలదు, అది నిజం. ఇంకో పదేళ్లు దాచమని ఎవరైనా చెబితే వినకండి. ఈ వైన్ ఇంట్లో దాచుకున్నవాళ్లు ఇప్పుడే తాగేయండి.

మా ఆవిడే ఇంకో గ్లాసు అడిగింది. జున్ను పళ్లెంతో కలిపి బిల్లు 88 యూరోలు. ఆది, సోమవారాల్లో ఆ దుకాణం తెరవరు.