అడ్రస్ బుక్ బ్యాకప్‌కి వీకార్డ్: ఆరేళ్లు వాడాక

ఆరేళ్లుగా నా మెయిల్ అడ్రస్ బుక్ బ్యాకప్ వీకార్డ్ ఫైళ్లలోనే ఉంటోంది. ఒక్కో మనిషి వివరాలని ఒక్కో కార్డుగా రాసి దాచే ఫైల్ పద్ధతి ఇది. అంతకుముందు సీఎస్వీ, అంటే వివరాల మధ్య కామాలు పెట్టి రాసే టెక్స్ట్ ఫైల్, వాడేదాన్ని. ఒకరోజు కొత్త కంప్యూటర్లో ఇంపోర్ట్ చేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు. తెరిచి చూస్తే తెలుగులో రాసుకున్న పేర్లన్నీ ప్రశ్నార్థకాలు! మెయిల్ ఐడీలు మాత్రం పదిలంగా ఉన్నాయి. ఏది ఎవరిదో పోల్చుకునేసరికి రెండు రాత్రులు గడిచాయి. తప్పు అడ్రస్ బుక్‌ది కాదు. మధ్యలో ఆ ఫైల్‌ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేశాను, దాంతో అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ (అక్షరాలని ఫైల్లో దాచే పద్ధతి) పోయి, తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్‌లో పడింది. అక్షరం ఒకసారి ప్రశ్నార్థకమైతే ఆ ఫైల్లోంచి ఇక వెనక్కి రాదు.

వీకార్డ్‌లోనూ చిక్కులున్నాయి, కాకపోతే చాలావరకు బాగుచేసుకోగలిగేవే. పాత ఫోన్ ఇచ్చిన 2.1 వెర్షన్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, పేరు ఉండాల్సిన చోట వరసగా సమానం గుర్తులు, వాటి పక్కన ‘ఈ0’, ‘బీ0’ కనిపించాయి. గుండె జారింది గానీ పేరు చెడలేదు. యూటీఎఫ్-8లో ‘క’కి మూడు బైట్లు, గుడి పెట్టి ‘కి’ చేస్తే ఆరు. ఆ బైట్లనే అలా రాస్తారు. దాన్ని సరిగా చదివే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి 3.0గా ఎక్స్‌పోర్ట్ చేస్తే పేర్లు మామూలుగా వచ్చేశాయి. పొడవాటి పేర్లు కొన్నింటిలో మాత్రం ఒక అక్షరం విరిగింది. పొడవాటి లైన్‌ని 75 బైట్ల దగ్గర ఆపి మిగతాది కింది లైన్‌కి మడిచేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు అక్షరం మధ్యలోనే కోసేస్తాయి. అలా కోయకూడదని 2011లో వచ్చిన 4.0 ప్రమాణం కచ్చితంగా చెప్పింది, అందుకే వీలున్నచోట నేను 4.0నే ఎంచుకుంటాను.

మళ్లీ ఇంపోర్ట్ చేసినప్పుడు డూప్లికేట్లు వస్తుంటే ముందు కార్డులో యూఐడీ (ఆ కార్డుకి మాత్రమే ఉండే గుర్తింపు) లైన్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే పాత మనిషే మళ్లీ వచ్చాడని సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారి తక్కువ.

నన్ను నిజంగా బాధపెట్టింది గ్రూపులు. సభ్యుల జాబితాతో సహా గ్రూప్‌ని ఒక కార్డుగా రాసే ప్రామాణికమైన పద్ధతి 3.0లో లేదు. ఎక్స్‌పోర్ట్‌లో మనుషులు వచ్చారు, గ్రూపులు రాలేదు. నలభై మంది ఉన్న గ్రూప్‌ని ఒక్కొక్కరినీ వెతికి మళ్లీ కట్టాను. అప్పట్నుంచి గ్రూపుల జాబితా విడిగా ఒక టెక్స్ట్ ఫైల్లో దాస్తున్నాను.

సింక్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనుకోకండి. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. అడ్రస్ బుక్ తేడాగా కనిపించగానే నేను చేసే మొదటి పని సింక్ ఆపడం, రెండోది ఉన్నది ఉన్నట్టు ఎక్స్‌పోర్ట్ చేయడం. రిపేర్ జోలికి ఆ తర్వాతే వెళ్తాను.